బడిగదిలో బయటపడిన రహస్య కేంద్రం

పాత విద్యాసూత్రం ఒకటి, రిసీవరు ఒకటి, గడియారం ఒకటి: ఒక అగ్రరాజ్యం దాచిన రహస్యాన్ని ఛేదించడానికి ఇవే సరిపోయాయి

ఇంగ్లండులోని కెటరింగ్ బూట్ల తయారీకి పేరుపడిన పట్టణం. సోవియట్ ప్రభుత్వం గుట్టుగా నడుపుతున్న ఒక రాకెట్ ప్రయోగ కేంద్రం ఎక్కడున్నదో 1966 చివరలో లోకానికి చాటినది ఆ పట్టణంలోని గ్రామర్ స్కూలు. అమెరికా గూఢచారి శాఖకు ఆ సంగతి అంతకు ముందే తెలుసు. కాని తెలిసినవారు పెదవి విప్పలేదు.

ఆ బడిలో భౌతికశాస్త్రం బోధించే జెఫ్రీ పెర్రీకి గూఢచర్యంతో పని లేదు. విద్యార్థులకు డాప్లర్ ఫలితాన్ని ప్రత్యక్షంగా చూపాలన్నదే ఆయన సంకల్పం. కూత వేస్తూ వచ్చే రైలు మనను దాటిపోగానే ఆ కూత స్థాయి తగ్గినట్లు వినిపిస్తుంది. సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే ఉపగ్రహపు రేడియో సంకేతానికీ అదే గతి. 20 మెగాహెర్ట్జ్ సంకేతం ఉపగ్రహం సమీపిస్తున్నపుడు సుమారు 500 హెర్ట్జ్ వరకు హెచ్చుతుంది. దూరమవుతున్నపుడు అంతే తగ్గుతుంది. ఆ మార్పు అత్యంత వేగంగా జరిగే క్షణమే ఉపగ్రహం మనకు అతి సమీపాన ఉన్న క్షణం.

రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు డెరెక్ స్లేటర్ హామ్ రేడియో అభ్యాసి. ఆయన సాయంతో షార్ట్‌వేవ్ రిసీవరు అమర్చారు. దానికొక ఏరియల్ తీగ, కొలతకు గడియారం. మిగిలినదంతా కాగితమూ, పెన్సిలూ, ఓపికా!

సోవియట్ వార్తాసంస్థ టాస్ ప్రతి కాస్మోస్ ఉపగ్రహం గురించీ కొన్ని అంకెలు ప్రకటించేది. భూమిని చుట్టడానికి పట్టే కాలం, కనిష్ఠ గరిష్ఠ దూరాలు, భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణం చెప్పేది. ఎక్కడినుంచి, ఎన్నింటికి ఎగిరిందో చెప్పేది కాదు. చెప్పని ఆ భాగాన్ని బడిపిల్లలు వినికిడితో పూరించారు. ఉపగ్రహం తమ మీదుగా సాగిన వేళలు వ్రాసుకుని, లెక్కను వెనుకకు నడిపి, మొదటి చుట్టులో అది ఏ దారిన పోయిందో పటంపై గీయసాగారు.

1966 మార్చి 17న ఎగిరిన కాస్మోస్-112 కక్ష్యాకోణం 72 డిగ్రీలు. దాని దారి బైకనూరు కేంద్రంతో పొసగలేదు. అయితే ఒక్క గీత వలన దిక్కు తెలుస్తుందే కాని చోటు తెలియదు. గీత పొడవునా ఎక్కడైనా కేంద్రం ఉండవచ్చు. ఆ అక్టోబరులో కాస్మోస్-129 వేరొక కోణంలో, 65 డిగ్రీలలో ఎగిరింది. రెండు గీతలూ మాస్కోకు ఉత్తరాన, ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతంలోని ప్లెసెట్స్క్ దగ్గర కలిశాయి. సోవియట్ ప్రభుత్వం ఆ కేంద్రాన్ని బహిరంగంగా ఒప్పుకున్నది 1983లో! పెర్రీకి 1973లో ఎం.బి.ఇ. గౌరవం లభించింది. ఆయన 2000లో కన్నుమూశారు.

నేడు ఈ పని ఇంకా సులువు. కంప్యూటరులో టెలివిజన్ చూడడానికి చేసిన చిన్న యు.ఎస్.బి. రిసీవరు అనేక పౌనఃపున్యాలను అందుకోగలదని ఔత్సాహికులు 2012 ప్రాంతంలో గ్రహించారు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హామ్ రేడియో మాట్లాడుతున్నపుడు 145.8 మెగాహెర్ట్జ్ వద్ద వినవచ్చు. అందుకు సుమారు 51 సెంటీమీటర్ల లోహపు కడ్డీలు రెండు చాలు. అది ఒకసారి మన ఆకాశాన్ని దాటడానికి పది నిమిషాలకు మించి పట్టదు. ఇక్కడ డాప్లర్ మార్పు దాదాపు 3.5 కిలోహెర్ట్జ్, దానికి తగినట్లు రిసీవరును సవరిస్తూ ఉండాలి. సంకేతం పంపదలచినవారికి మాత్రం లైసెన్సు తప్పనిసరి.

2014లో గ్రీసులో ఆరంభమైన సాట్‌నాగ్స్ ఇటువంటి ఇంటి కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపింది. ఒక ఊరి ఆకాశాన్ని దాటిన ఉపగ్రహాన్ని మరొక ఊరి ఏరియల్ అందుకుంటుంది. మన దేశమూ ఇటువంటివారిని మరువలేదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్, కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్‌ను కక్ష్యలో ప్రవేశపెట్టింది. 42.5 కిలోల ఆ ఉపగ్రహం 2014 వరకు హామ్‌ల మాటలను దూరతీరాలకు చేరవేసింది.

తన సరిహద్దులలో ఏం జరుగుతున్నదో ఒక ప్రభుత్వం దాచవచ్చు. కాని ఉపగ్రహం అందరి నెత్తిమీదుగా పోవలసిందే. ఆజ్ఞలు అందుకోవడానికీ, కబుర్లు పంపడానికీ రేడియో ఉండవలసిందే. తలుపు తెరిచి విన్నవారికి అది తన దారి తానే చెబుతుంది. కెటరింగ్ పిల్లలు రహస్యపత్రాలేవీ దొంగిలించలేదు. అందరికీ అందుబాటులో ఉన్నదానిని శ్రద్ధగా విని, వేళ తప్పకుండా వ్రాసుకున్నారు. అంతే.