మూలకణ చికిత్స



నేటి ప్రసంగమునకు విషయము మూలకణ చికిత్స. ఈ మాట ఇప్పుడు పత్రికలయందును, వైద్యశాలల గోడలమీదను, తుదకు ముఖమునకు రాచుకొను లేపనముల డబ్బీలమీదను గూడ కనబడుచున్నది. నేను వైద్యుడను గాను. విజయనగరము జిల్లా పాఠశాలలలో ముప్పది యేండ్లకు పైగా తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను ఒక మాట ఇంత విరివిగా సంచరించుచున్నప్పుడు దాని యర్థమెంత, దానికి తగిలించిన ఆశ యెంత యని విచారించుట మా వృత్తిలోనిదే. ఆశను నమ్మి పొలము తాకట్టుపెట్టువారు మన జిల్లాలలో నున్నారు గనుక ఈ విచారణ యిప్పుడవసరము.

ముందు పదమును చూతము. ఆంగ్లమున దీనిని ‘స్టెమ్ సెల్’ అందురు. స్టెమ్ అనగా కాండము, మ్రాను. 1868లో ఎర్నెస్టు హెకెల్ అను జర్మను జీవశాస్త్రజ్ఞుడు సమస్త జీవవంశములకు మూలపురుషుడైన ఏకకణజీవికి తన భాషలో నిట్టి పేరు పెట్టెను. పిమ్మట ఆ పేరు మన శరీరములోని కణములకు దిగినది. తెలుగువారు కాండమును విడిచి మూలమును గైకొని ‘మూలకణము’ అనిరి. ఈ యనువాదము ఆంగ్లపదముకంటె నాకు బాగుగ తోచుచున్నది. అరటితోట చూచినవారికి కారణము వేరుగా చెప్పనక్కరలేదు. చెట్టు గెలవేసి నరుకుడుపడును. భూమిలోని దుంప మాత్రము పిలకలు పెట్టుచునే యుండును. మూలకణము అట్టి దుంప. అది రెండుగా చీలునపుడు ఒక పాలు తనవంటి దుంపగానే నిలుచును. రెండవ పాలు పనిచేయు కణమై, తన పని ముగియగనే రాలిపోవును. మన నెత్తురులోని యెఱ్ఱకణము ఇంచుమించు 120 దినములు జీవించును. అట్లు రాలిపోవు వానికి మారుగా ఎముకల మూలుగలోని మూలకణములు ప్రతి సెకనుకును ఇరువది లక్షల క్రొత్త యెఱ్ఱకణములను పుట్టించుచున్నవి.

అయితే ఏ దుంపనుండి ఆ పిలకయే వచ్చును. గర్భములో తొలిదినముల పిండమందలి కణములు శరీరములోని యే యంగముగా నైనను మాఱగలవు. పెరిగిన దేహములోని మూలకణములకు అట్టి స్వేచ్ఛ లేదు. మూలుగలోనివి నెత్తురును, చర్మములోనివి చర్మమును మాత్రమే కల్పించును. పెరిగిన కణమును మరల తొలిదశకు మరలింపవచ్చునని 2006లో జపాను దేశీయుడగు యమనక చూపెను. అందులకాయనకు 2012లో నోబెలు బహుమానము వచ్చినది. అది మహాకార్యమే. కాని దానినుండి పుట్టవలసిన చికిత్సలు చాలభాగ మింకను పరీక్షలలోనే యున్నవి.

ఇక్కడ నొక మాట చెప్పక ముందునకు పోలేను. 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారతీయ విజ్ఞాన మహాసభలో, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా నుండిన వారు, కౌరవులు నూర్గురును మూలకణ విద్యవలన పుట్టిరని ప్రసంగించిరి. నేను ఆదిపర్వమును సంస్కృతమునందును నన్నయగారి తెలుగునందును పలుమారులు పాఠము చెప్పినవాడను. గాంధారి గర్భమునుండి వెడలిన మాంసపేశిని వ్యాసుడు నూటయొక్క భాగములు చేయించి నేతికుండలలో నుంచెనను కథ అందున్నది. ఏ కణము, దానినెట్లు పోషింపవలెను, మరియొకడు చేసినచో మరల ఫలించునా యనునవి అందు లేవు; ఉండవలసిన పనియు లేదు. అది కావ్యము. కావ్యమును ప్రయోగశాలకు సాక్షిగా నీడ్చుకొని వచ్చినచో రెంటికిని గౌరవము తగ్గును.

ఇక అసలు చికిత్స. తెలుగునేలమీద పుట్టి, లోకమంతయు నేర్చుకొన్న మూలకణ చికిత్స యొకటి గలదు. అది కంటికి సంబంధించినది.

కంటి నల్లగ్రుడ్డుమీద గాజుబిళ్లవలె నొక స్వచ్ఛపటల మున్నది. దీనినే కార్నియా యందురు. దాని మందము అర మిల్లీమీటరు మాత్రమే. దాని పైపొర కొలది దినములకొకసారి రాలి క్రొత్తది వచ్చుచుండును. ఆ క్రొత్తపొర ఎక్కడనుండి వచ్చును? నల్లగ్రుడ్డును తెల్లగ్రుడ్డును కలియు అంచున సన్నని వలయ మొకటి యున్నది. మూలకణములు ఆ వలయములో నున్నవి. సుశ్రుతుడు ఉత్తరతంత్రములో నేత్రసంధుల నెన్నుచు ఈ చోటికి శుక్లకృష్ణగతసంధి యని వేరుగ పేరు పెట్టినాడు. ఆయన మూలకణముల నెఱుగునని నేననను. చోటును గమనించి పేరు పెట్టిన చూపును మాత్రము మెచ్చుకొందును.

ఆ వలయము కాలిపోయినచో ఏమగును? తెల్లగ్రుడ్డుమీది పొర నెత్తురు నాళములతో గూడ నల్లగ్రుడ్డుమీదికి ప్రాకును. చూపు మూసికొనిపోవును. మరణించినవారి కంటినుండి తీసిన కార్నియా నట్టి కంటికి అమర్చినను నిలువదు. ఏలయన పైపొరను దినదినము పుట్టించు ఊటయే అక్కడ లేదు. ఇట్లు కాల్చువానిలో మన యిండ్లలో ముఖ్యమైనది సున్నము. పూర్వము తాంబూలపు పెట్టెలో సున్నపుకాయ యుండెడిది. ఇప్పుడు అంగడిలో సున్నము ప్లాస్టికు పొట్లములలో దొరకుచున్నది. పిల్లవాడు దానిని ఆటగా నొక్కును. అది పగిలి కంటిలో చిమ్మును. పెద్దపండుగకు గోడలకు సున్నము వేయునపుడును ఇట్టి ప్రమాదములు కలుగుచుండును. సున్నము తీవ్రమైన క్షారము. కంటిలో నిలిచినంతసేపు లోలోపలికి దిగుచునే యుండును. కావున ఆ క్షణముననే శుభ్రమైన నీటితో, ధారగా, అరగంటసేపు కన్ను కడుగవలెను. రెప్పలు తిరుగవేసి అందంటుకొనిన సున్నపు తునుకలను కడిగివేయవలెను. చనుబాలు పిండుట, ఆముదము వేయుట కూడదు. నీరు తగిలిన సున్నము మఱింత మండునని కడుగక కూర్చుండుటయు కూడదు. కడిగిన తరువాత ఆలస్యము లేక కంటివైద్యుని యొద్దకు గొనిపోవలెను.

హైదరాబాదులో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు, 2001 మొదలుకొని ఇట్టి కాలిన కండ్లకు మూలకణములతో చికిత్స చేయుచున్నారు. రోగి రెండవకన్ను బాగున్నచో, దాని యంచునుండి రవంత తునుకను గైకొని, ప్రయోగశాలలో రెండు వారములు పెంచి, పొరగా చేసి కాలిన కంటికి కప్పెడివారు. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు 1997లో చూపిన మార్గ మది. దానికి గొప్ప ప్రయోగశాల కావలెను, వ్యయమును మిక్కిలి. తరువాత డాక్టరు వీరేందర్ సంగ్వాన్ గారును వారి సహచరులును వేరొక సులభమార్గమును కనిపెట్టి 2012లో ప్రకటించిరి. రెండు మిల్లీమీటర్ల చదరపు తునుకను గైకొని, దానిని ఎనిమిది పది ముక్కలుగా కోసి, కాలిన కంటిమీద పరచిన మావి లోపలిపొరపై నారువలె నాటి, నెత్తురులోని పదార్థముతో చేసిన జిగురుతో అంటింతురు. ప్రయోగశాల యక్కరలేదు, ఆ కన్నే మడి. ముక్కలనుండి కణములు నలువైపులకు ప్రాకి కొలది వారములలో పొర యేర్పడును. ఈ పద్ధతిని ఇప్పుడు ఇతర దేశములవారును అనుసరించుచున్నారు. మన ప్రాంతమువారు హైదరాబాదు పోనక్కరలేకయే, 2006 మొదలుకొని విశాఖపట్టణములో నున్న ఆ సంస్థ శాఖకు పోవచ్చును.

దీని ఫలితము వారే అచ్చువేసి చెప్పినారు. 2016లో ప్రకటించిన లెక్కలో 125 మంది రోగులున్నారు. అందు 60 మంది పిల్లలు. నూటికి 76 వంతుల కండ్లు నిలిచినవి. అనగా నలుగురిలో నించుమించు ఒకనికి ఫలింపలేదు. రెండు కండ్లును కాలినవారికి ఇతరుల కణములు తేవలసియుండును గనుక కష్టము మఱింత హెచ్చు. ఇరువదినాల్గు వంతులు తప్పినవని చెప్పిన ఈ లెక్కయే నాకు నమ్మకము గలిగించినది.

రెండవది నెత్తురు. మూలుగలోని మూలకణములను 1961లో కెనడాలో టిల్, మెక్కలక్ అను నిరువురు ఎలుకలయందు నిరూపించిరి. అంతకు పూర్వమే అమెరికాలో డాక్టరు డానల్ థామస్ ఒకరి మూలుగ నొకరికి ఎక్కించు పనికి పూనుకొని, 1990లో నోబెలు బహుమానము పొందెను. మన దేశములో ఈ చికిత్స 1983లో బొంబాయి టాటా స్మారక వైద్యశాలలో ఆరంభమైనది. ఇందొక చిక్కు గలదు. ఎక్కించిన కణములు అతిథివలె నుండక గృహస్థునే తరుమజొచ్చును. దానిని అణచుటకు వాడు మందులలో మెథోట్రెక్సేటు ముఖ్యమైనది. ఆ మందు భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధనశాలనుండి వచ్చినది. ఈ సంగతి మన బడిపిల్లలలో ఎందఱికి తెలియును?

సీతంపేట, పార్వతీపురము ఏజెన్సీలలోని సవరలు, జాతాపులు మొదలగువారికి ఈ చికిత్స దూరపు వార్త కాదు. వారిలో కొడవలికణ వ్యాధి గలదు. తల్లిదండ్రు లిరువురినుండియు దోషము సంక్రమించిన బిడ్డ యెఱ్ఱకణములు కొడవలివలె వంగి, 120 దినములకు బదులు ఇరువది దినములలోపుననే నశించును. కీళ్లు, ఎముకలు భరింపరాని నొప్పి పెట్టును. దీనిని కుదుర్చు చికిత్సగా చిరకాలమునుండి నిలిచినది మూలుగ మార్పిడియే. దానికి గుర్తులు సరిపడు అన్నయో చెల్లెలో కావలెను. ఒక్కొక్క తోబుట్టువు సరిపడుటకు అవకాశము నాలుగింట నొక పాలు. రోగి కణములనే తీసి, వాని జన్యువును సవరించి మరల ఎక్కించు క్రొత్త చికిత్సకు 2023లో ఇంగ్లండు, అమెరికా దేశములు అనుమతించినవి. దాని వెల యిప్పటికి సామాన్యుల యూహకందదు. అదే సంవత్సరము జూలై 1వ తేదీన భారతప్రభుత్వము ఈ వ్యాధి నిర్మూలనోద్యమమును ప్రారంభించినది. కొండగ్రామములలో రక్తపరీక్షకు వచ్చినవారిని చూచి దాగుకొనక బిడ్డలను చూపవలెను. వ్యాధి ముందు తెలిసినచో, మార్పిడి లేకున్నను, మందులతో బాధ చాలవఱకు తగ్గును.

ఇక మూడవది, ముఖము. చర్మములోనూ మూలకణములున్నవి, నెలకొకసారి పైచర్మము వానివలన మారుచున్నది. వానితో నిజముగా చేసిన ఘనకార్య మొకటి గలదు. పుట్టుకతోనే చర్మ మూడిపోవు వ్యాధిగల ఏడేండ్ల బాలునికి, కణముల జన్యువును సరిచేసి పెంచిన చర్మమును దేహములో ఎనుబది వంతులకు కప్పి జర్మనీ, ఇటలీ వైద్యులు బ్రతికించిరి. 2017లో ఆ వృత్తాంతము ప్రకటితమైనది. డబ్బీలోని లేపనమునకు దీనితో పొత్తేమి? ‘ఆపిలు మూలకణములు’ అని విక్రయించు లేపనములు 2008 మొదలుకొని వచ్చినవి. అందుండునది నలిపిన కణముల సారము, బ్రతికిన కణము కాదు. బ్రతికియున్నను ఆపిలు కణము ఆపిలునే గాని మన చెక్కిలిని పుట్టింపదు. అట్టి లేపనము కొన్నచో డబ్బుతో పోవును. సూది అట్లు కాదు. అమెరికాలో నొక స్త్రీ కంటిచుట్టు ముడుతలకై తన క్రొవ్వునుండి తీసిన మూలకణములను పొడిపించుకొనెను. అక్కడ అంతకుముందు నింపిన సున్నపుధాతువుతో కూడి అవి ఎముకయై, ఆమె రెప్ప తెఱచినపుడెల్ల టక్కున చప్పుడయ్యెనని 2012లో వార్త వచ్చినది. ఫ్లోరిడాలో నొకచోట 2015లో క్రొవ్వుకణములను కండ్లలోనికి పొడిపించుకొన్న మువ్వురు స్త్రీలు చూపు కోల్పోయిరి. ఒక్కొక్కరు చెల్లించినది ఐదువేల డాలర్లు.

గత సంవత్సరము ఉద్దానమునుండి నా పూర్వశిష్యుని తండ్రి యొక కరపత్రము తెచ్చి చూపెను. మోకాలినొప్పి, మధుమేహము, బట్టతల, ముడుతలు, మూత్రపిండముల జబ్బు, అన్నిటికి ఒకే మూలకణ చికిత్స యని అందున్నది. ఆయన భార్యకు మూత్రపిండములు చెడినవి. “మాస్టారూ, జీడితోట అమ్మి వెళ్లమంటారా?” అని అడిగెను. కవిటి, సోంపేట ప్రాంతముల నెఱిగినవారికి ఆ ప్రశ్నలోని బరువు తెలియును.

నేను వైద్యము చెప్పలేదు. కరపత్రమువారిని నాలుగు ప్రశ్నలడుగుమంటిని. ఏ కణము? ఎక్కడనుండి తీయుదురు? ఎక్కడ నాటుదురు? ఎందఱికి చేసితిరి, ఎందఱికి తప్పినది? కంటివైద్యులును మూలుగవైద్యులును ఈ నాలుగింటికి తడువుకొనక బదులు చెప్పుదురు. మరియు భారత వైద్యపరిశోధన మండలి 2017లో వెలువరించిన నియమముల సారమును చెప్పితిని. రక్తవ్యాధులకు మూలుగ మార్పిడి స్థిరపడిన చికిత్స. ఔషధనియంత్రణాధికారుల అనుమతి వేరుగా పొందిన కొలది తయారీలు దప్ప, తక్కిన వ్యాధులకు మూలకణములను అనుమతిగల పరీక్షలలోనే వాడవలెను; అట్టి పరీక్షలో చేరిన రోగియొద్ద ఆ చికిత్సకు సొమ్ము పుచ్చుకొనరాదు. పరీక్ష నిజమైనదైనచో ప్రభుత్వపు వైద్యపరీక్షల పట్టికలో దాని సంఖ్య యుండును. ఇంటనున్న కుఱ్ఱవాడు చేతిఫోనులోనే చూడగలడు.

ఆయన ఫోనులో ఆ ప్రశ్నలడిగెను. అవతలివారు కణము పేరు చెప్పలేదు, పట్టిక సంఖ్య చెప్పలేదు. బయానా పదివేలు మాత్రము ఆ వారములోనే పంపుమనిరి. ఆయన పంపలేదు. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన మూత్రపిండ పరిశోధన వైద్యశాలకు భార్యను తీసికొనిపోయెను. అక్కడ ఆమెకు వారమునకు మూడుసారులు నెత్తురు శుద్ధి జరుగుచున్నది. జీడితోట ఈ యేడును కాచినది.