4.6 డిస్కు విభజన, గుప్తీకరణ: మాన్యువల్ పద్ధతి

లాప్‌టాప్‌కు లాగిన్ పాస్‌వర్డ్ ఉంటే ఫైళ్లు భద్రమేనని చాలామంది అనుకుంటారు. కానీ ఆ పాస్‌వర్డ్ అడిగేది ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరైనా డిస్కును ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే అడిగేవారే ఉండరు. మీ ఆధార్ ప్రతి, బ్యాంకు పత్రాలు, ప్రాజెక్టు ఫైళ్లు అన్నీ తెరుచుకుంటాయి. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే గుప్తీకరించడం మంచిది.

డెబియన్ లైనక్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 'గైడెడ్' ఎంచుకుంటే అంతా ఇన్‌స్టాలరే చేస్తుంది. 'మాన్యువల్' ఎంచుకుంటే పొరల క్రమం మీకు తెలిసి ఉండాలి. 512 జీబీ డిస్కులో ఈఎఫ్‌ఐ విభాగానికి 512 ఎంబీ, బూట్ విభాగానికి 1 జీబీ కేటాయించి, మిగిలినదంతా ఒకే ఎన్‌క్రిప్టెడ్ విభాగంగా ఉంచండి. మొదటి రెండూ గుప్తీకరణ బయటే ఉంటాయి. తాళంచెవిని ఇంట్లో పెట్టి బయట తాళం వేస్తే లోపలికి ఎలా వెళ్తాం? మిమ్మల్ని సంకేతపదం అడిగే ప్రోగ్రామ్, కెర్నల్ ఈ బూట్ విభాగంలోనే ఉంటాయి.

ఎన్‌క్రిప్టెడ్ విభాగం లోపల ఎల్‌వీఎం ఏర్పాటు చేసి, దానిలో రూట్, స్వాప్, హోమ్ భాగాలు చేసుకోవాలి. ఒక్క సంకేతపదంతో మూడూ తెరుచుకుంటాయి. స్వాప్‌ను బయట వదలకండి. మెమరీలోని సమాచారం, ఒక్కోసారి పాస్‌వర్డులతో సహా, అందులోకి రాయబడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. చివరి 'ఫినిష్' నొక్కేవరకు డిస్కులో ఏ మార్పూ జరగదని భ్రమపడకండి. 'కాన్ఫిగర్ ఎన్‌క్రిప్టెడ్ వాల్యూమ్స్' ఎంచుకోగానే అప్పటివరకు చేసిన విభజనను డిస్కుపై రాయడానికి ఇన్‌స్టాలర్ అనుమతి అడుగుతుంది. 'ఎస్' అన్నాక వెనక్కి తీసుకోలేం. కాబట్టి పాత ఫైళ్ల నకలు ముందే తీసుకోండి. తర్వాత డిస్కును యాదృచ్ఛిక సమాచారంతో నింపే దశ వస్తుంది. పెద్ద డిస్కయితే గంటలు పట్టవచ్చు. కొత్త డిస్కుకు దాన్ని రద్దు చేసినా పెద్ద నష్టం లేదు.

సంకేతపదం గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. లక్స్ అనే ఈ పద్ధతిలో డిస్కును గుప్తీకరించేది మీ సంకేతపదం కాదు, వేరే ఒక ప్రధాన తాళం. ఆ తాళం హెడర్‌లో భద్రంగా ఉంటుంది. సంకేతపదం దాన్ని బయటకు తీస్తుంది. అందువల్ల డిస్కునంతా తిరిగి రాయకుండానే సంకేతపదాన్ని మార్చుకోవచ్చు. లక్స్ 2లో 32 వరకు వేర్వేరు సంకేతపదాలు పెట్టుకునే వీలుంది. అయితే అన్నీ మరచిపోయినా, హెడర్ చెడిపోయినా సమాచారం పోయినట్టే. 'ఫర్గాట్ పాస్‌వర్డ్' వంటి సదుపాయం దీనికి లేదు. హెడర్ నకలును మరో పెన్‌డ్రైవ్‌లో దాచండి. కానీ పాత నకలును పాత సంకేతపదం ఇంకా తెరుస్తుంది కాబట్టి దాన్నీ జాగ్రత్తగానే ఉంచాలి.

తెలుగు లిపిలో సంకేతపదం పెట్టవద్దు. బూట్ సమయంలో తెలుగు టైపింగ్ సదుపాయం సాధారణంగా అందుబాటులో ఉండదు.

కంప్యూటర్ ఆన్‌లో ఉన్నప్పుడు డిస్కు తెరిచే ఉంటుంది. స్లీప్‌లో ఉన్నా తాళం మెమరీలోనే ఉంటుంది. ప్రయాణంలో పూర్తిగా షట్‌డౌన్ చేయండి.

అభ్యాసం: బూట్ విభాగం గుప్తీకరణ బయట ఉంది కదా. మీ లాప్‌టాప్ కొంతసేపు ఇతరుల చేతికి వెళ్లి తిరిగివస్తే ఏ ప్రమాదం ఉండవచ్చు? ఐదు వాక్యాలలో రాయండి.