సుగ్గి కాలం - ప్రణాళికా కాలం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో మహిళా సంఘాల గ్రామ ప్రణాళిక

కీలకపదాలు: పొదుపు సంఘం, గ్రామైక్య సంఘం, సుగ్గి, వలస, గ్రామ పంచాయతీ ప్రణాళిక

1. నేపథ్యం

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల్లో 'సుగ్గికి పోవడం' అంటే పనుల కోసం ఊరు విడిచి వెళ్లడం. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, పండుగ కాలం. సరిహద్దుకు ఇవతల ఆ పదం పరాయి పొలాల్లో కోతలకు తరలిపోవడానికి పేరైంది. ఒక మాట అర్థం ఇలా మారడంలోనే ఈ సీమ ఆర్థిక చరిత్ర కొంత కనిపిస్తుంది. వర్షాధార సేద్యమే ఎక్కువ. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందే పల్లెలు కొన్నే. ఖరీఫ్ పంట చేతికి వచ్చాక, లేదా చేతికి రాదని తేలాక, కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, ఇతర చోట్లకు పత్తితీతకు, బెంగుళూరుకు భవన నిర్మాణ పనులకు బయలుదేరుతాయి.

ఈ పల్లెల్లో మహిళలు తమ ఊరి అభివృద్ధికి తామే ప్రణాళిక వేసుకునే పద్ధతి ఎలా నడుస్తుందో, సుగ్గి దానిని ఎక్కడ అడ్డుకుంటుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పొదుపు నుంచి ప్రణాళిక దాకా

సామూహిక ఆర్థిక వ్యవస్థ ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చొరవతో చేనేత కార్మికుల సహకార సంఘం 1938లోనే ఏర్పడింది. గ్రామీణ మహిళల సంఘాలు అందుకు చాలా కాలం తర్వాత వచ్చాయి. 1982లో డ్వాక్రా పథకం మొదలైంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో పుట్టిన సారా వ్యతిరేకోద్యమం పొదుపు ఉద్యమానికి ఊపునిచ్చింది. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగం చేపట్టింది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిచింది. కర్నూలుకు దగ్గరి ఓర్వకల్లు మండల మహిళలు దాని ద్వారానే ప్రసిద్ధికెక్కారు. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఆ అనుభవాన్నే రాష్ట్రమంతటికీ విస్తరించింది. పది నుంచి పదిహేను మంది సభ్యులతో సంఘం, ఊరి సంఘాలన్నీ కలిసి గ్రామైక్య సంఘం, ఆపై మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అనే అంచెల నిర్మాణం అలా స్థిరపడింది.

ప్రణాళికకు బీజం సంఘం అప్పు పుస్తకంలోనే ఉంది. బ్యాంకు రుణానికి ముందు సంఘం సూక్ష్మ రుణ ప్రణాళిక రాసుకుంటుంది. ప్రతి ఇంటి రాబడి, ఖర్చు, పాత బాకీలు, పిల్లల చదువు, కావలసిన డబ్బు, దాని అవసరం అందులోకి ఎక్కుతాయి. ఎవరికి ముందు ఇవ్వాలన్నది అందరి ఎదుట తేలాలి. ఊరిని నేల మీద ముగ్గుపిండితో గీసి బోరు, బడి, ఒంటరి మహిళ ఇల్లు, భూమి లేని ఇల్లు గుర్తించే పద్ధతి కూడా ఈ సంఘాలకు పరిచితమే. చదువు రాని సభ్యురాలు సైతం ఆ పటాన్ని సరిదిద్దగలదు. అధికారుల సర్వేకు లేని బలం ఇదే.

3. పంచాయతీ పత్రంలో సుగ్గి

73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ప్రణాళికా బాధ్యతను ఇచ్చింది. 2018 అక్టోబరు 2న మొదలైన ప్రజా ప్రణాళికా ప్రచారోద్యమం తర్వాత సంఘాలు తయారుచేసే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళికను పంచాయతీ అభివృద్ధి ప్రణాళికతో జోడించే ఏర్పాటు జరిగింది. అందులో హక్కులు, జీవనోపాధులు, ప్రజావసరాలు - వనరుల అభివృద్ధి, సామాజికాభివృద్ధి అనే విభాగాలు ఉంటాయి.

చిక్కు ఇక్కడే. సుగ్గి ఆ ఇంటికి ఒకే సమస్య, పత్రంలో మాత్రం నాలుగు ముక్కలవుతుంది. ఉపాధి పని హక్కుల్లోకి, మేకలకో కుట్టుమిషనుకో అప్పు జీవనోపాధుల్లోకి, చెరువు పూడికతీత వనరుల్లోకి, తల్లిదండ్రులతో వెళ్లి బడి మానే పిల్లల సంగతి సామాజికాభివృద్ధిలోకి పోతాయి. ముఠా మేస్త్రీ దగ్గర ముందుగా తీసుకున్న అడ్వాన్సు ఏ గడిలోనూ ఒదగదు. నిజానికి కుటుంబం కదలికను నిర్ణయించేది ఆ అడ్వాన్సే. నిధుల స్వభావం కూడా ఈ విభజనను బిగిస్తుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టుబడి ఉంది. కుళాయి అడిగిన సంఘానికి జవాబు సులభంగా దొరుకుతుంది, ఊళ్లో పని అడిగిన సంఘానికి అంత సులభం కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనిని హక్కు చేసింది. కాని కూలి చేతికందడం ఆలస్యమయ్యేచోట ముందే డబ్బు చేతిలో పెట్టే మేస్త్రీదే పైచేయి అవుతుంది.

4. గైర్హాజరు

అంతకన్నా పెద్ద అడ్డంకి కాలానిది. పంచాయతీ ప్రణాళికల సభలు అక్టోబరు నుంచి శీతకాలమంతా సాగుతాయి. పల్లెలు ఖాళీ అయ్యేదీ అప్పుడే. వలస కుటుంబాలు చాలావరకు ఉగాది నాటికి తిరిగివస్తాయి. ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ప్రణాళికలో వారి ఇంటి సంగతి అప్పటికే ఎవరో రాసి ఉంటారు, లేదా రాసి ఉండరు.

సంఘం లోపలి నియమమూ ఇందుకు తోడవుతోంది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత రుణం, తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాల మీదనే సంఘం గ్రేడు ఆధారపడుతుంది. నాలుగైదు నెలలు ఊళ్లో లేని సభ్యురాలు హాజరు పట్టికలో లోపంగా కనిపిస్తుంది. గ్రేడు తగ్గుతుందన్న భయంతో సుగ్గికి పోయే ఇళ్లను కొత్త సంఘాల్లో చేర్చుకోవడానికి తోటి మహిళలే వెనుకాడే అవకాశం ఉంది. నిలకడ కోసం పెట్టిన సూత్రం నిలకడగా ఉండలేని వారిని వడపోసే జల్లెడ కావడం ఈ వ్యవస్థలోని అసలైన వైరుధ్యం. తప్పు సూత్రంలో లేదు, దానిని ఏడాది పొడవునా ఒకే కొలతతో వర్తింపజేయడంలో ఉంది.

దీనికి మార్గం సంఘాల చేతిలోనే కొంత ఉంది. సంఘ స్థాయి చర్చను శ్రావణ, భాద్రపద మాసాలకు జరిపితే చాలామంది ఊళ్లోనే ఉంటారు. ఏ ఇల్లు ఎప్పుడు, ఎక్కడికి, ఎంత అడ్వాన్సుతో పోతుందో, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో తీర్మానాల పుస్తకంలో రాసుకోవడానికి ప్రభుత్వ పత్రం అనుమతి అవసరం లేదు. పిల్లలకు వసతి కల్పించే కాలానుగుణ కేంద్రం కావాలన్న కోరికకు ఆ పుటే ఆధారమవుతుంది. సుగ్గి నెలల్లో పొదుపును ముందుగానో, తిరిగి వచ్చాక ఒకేసారిగానో కట్టే వెసులుబాటును గ్రామైక్య సంఘం తీర్మానించవచ్చు. అయితే ఆ తీర్మానాన్ని బ్యాంకు గ్రేడింగులో గుర్తించాలా వద్దా అన్నది ఊరి చేతిలో లేదు, మండల, జిల్లా సమాఖ్యలు పైస్థాయిలో అడగవలసిన విషయం.