అరకు ఘాట్‌కి ఒక లెక్కుంది

మొదటిసారి సైకిల్ మీద అరకు వెళ్లొచ్చానని హాస్టల్లో అందరికీ చెప్పాను. అది సగం అబద్ధం. టైడా దాటిన కాసేపటికే నా తొడలు పట్టేశాయి. అటుగా వెళ్తున్న వ్యాన్ వాళ్లు జాలిపడి సైకిల్‌తో సహా నన్ను ఎక్కించుకున్నారు. అరకులో దిగి ఫోటో మాత్రం తీయించుకున్నాను. రెండు నెలలకి అదే సైకిల్, అవే కాళ్లతో మళ్లీ వెళ్లి మొత్తం చుట్టు తిరిగొచ్చాను. ఈసారి ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాను. మీలో ఎవరికైనా ఆ ఆలోచన ఉంటే పనికొస్తుందని రాస్తున్నా.

ముందు దారి. విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట వరకు పెద్ద కష్టం లేదు. బొడ్డవర దాటాక అసలు కథ మొదలు. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట మీదుగా అరకు. మొత్తం దాదాపు 115 కిలోమీటర్లు. రెండో రోజు అరకు నుంచి హుకుంపేట, పాడేరు. అక్కడ ఇంకో ఘాట్ దిగితే చోడవరం మీదుగా మళ్లీ విశాఖ.

అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. కానీ రోడ్డు దానికంటే పైకి ఎక్కి, తర్వాత లోయలోకి దిగుతుంది. ఆ పక్కనే వెళ్లే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో శిమిలిగూడ స్టేషనే 996 మీటర్ల ఎత్తున ఉంది. కాబట్టి లెక్క కోసం వెయ్యి మీటర్లు అనుకుందాం. నేను, సైకిల్, నీళ్లు, బ్యాగు అన్నీ కలిపి 80 కిలోలు. ఇంటర్లో చదివిన ఎం.జి.హెచ్. గుర్తుందా? 80 × 9.8 × 1000. అంటే 784 కిలోజౌళ్లు.

మన శరీరం తిన్న దాంట్లో నాలుగో వంతు శక్తినే పెడల్ దాకా పంపగలదు. మిగతాది వేడిగా, చెమటగా పోతుంది. కాబట్టి ఎక్కడానికి మాత్రమే సుమారు 750 కేలరీలు కావాలి. ఇడ్లీకి 50 చొప్పున వేసుకున్నా పదిహేను ఇడ్లీలు! మొదటిసారి నేను తిన్నవి నాలుగు. రెండోసారి ఆకలి వేయకముందే అరగంటకోసారి అరటిపండో, బెల్లం ముక్కో తిన్నాను. అనంతగిరి దగ్గర ఒకావిడ ఇచ్చిన చోడి అంబలి రుచి ఇంకా నోట్లోనే ఉంది.

ఇక వేగం. నాలాంటి మామూలు కుర్రాడు గంటల తరబడి ఇవ్వగలిగేది సుమారు 120 వాట్లు. 120ని 784తో భాగిస్తే సెకనుకి 15 సెంటీమీటర్ల ఎత్తు. వంద మీటర్లకి ఆరు మీటర్లు లేచే రోడ్డు మీద అది గంటకి 9 కిలోమీటర్లు. అంతే! మొదటిసారి నేను ఘాట్ కింద 14లో తొక్కాను, ఫ్రెండ్స్ ముందు వెనకబడకూడదని. మన అల్గారిథమ్స్ క్లాసులో చెప్పే గ్రీడీ పద్ధతి అదే కదా: ఇప్పటికి ఏది బాగుందో అదే తీసుకోవడం. ఘాట్ మీద అది తప్పు జవాబిస్తుంది. మాట్లాడుతూ తొక్కగలిగితే సరైన వేగం. మాట తెగిపోతుంటే తగ్గించాలి.

గేర్ల పని కూడా ఇక్కడే. ముందు 34 పళ్లు, వెనక 28 పళ్లు ఉంటే ఒక చుట్టుకి సైకిల్ రెండున్నర మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే సరిగ్గా ఆ 9 కిలోమీటర్ల వేగమే వస్తుంది. అదే గేర్లు లేని సైకిలైతే 30 చుట్లు తొక్కాలి, ప్రతి చుట్టుకీ రెట్టింపు బలం పెట్టాలి. మోకాళ్లు పోయేది అక్కడే. ఇంకో సంగతి: మనం ఎడమ పక్కన వెళ్తాం కాబట్టి, ఎడమకి తిరిగే మలుపుల్లో లోపలి అంచున ఉంటాం. అక్కడ వాలు ఎక్కువ. మలుపులోకి వెళ్లాక కాదు, ముందే గేర్ తగ్గించుకోవాలి.

గాలికొండ చేరినప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. కాఫీ తోటల మధ్య నుంచి అరకులోకి దిగుతుంటే ఇక నాకు అన్నీ తెలుసనుకున్నాను.

మర్నాడు పాడేరు ఘాట్ ఆ పొగరు దింపింది. ఎక్కిన 784 కిలోజౌళ్లు దిగేటప్పుడు ఎక్కడికి పోతాయి? కొంత గాలికి, మిగతాదంతా బ్రేకుల్లో వేడికి. రెండున్నర లీటర్ల చల్లటి నీళ్లని మరిగించే వేడి అది. నాది రిమ్‌ని పట్టే బ్రేక్. భయంతో వెనక బ్రేక్ వదలకుండా నొక్కి దిగాను. ఒక మలుపులో ట్యూబ్ ఢాంమని పేలింది. అదృష్టం, కొండ వైపు పడ్డాను. మోచేయి చీరుకుపోయింది. రెండో పక్క లోయ. రిమ్ ముట్టుకుంటే వేలు చుర్రుమంది. కట్టెల మోపు దించి వచ్చి నన్ను లేపిన పెద్దాయన ఒకే మాట అడిగాడు: "పాదాల కాడ ఆగలేదా బాబూ?"

ఆ ఘాట్‌లో మోదకొండమ్మ పాదాలున్నాయి. జీపులు, లారీలు అక్కడ ఆగుతాయి, డ్రైవర్లు దణ్ణం పెట్టుకుని కదులుతారు. టైమ్ వేస్టని నేను ఆగకుండా వచ్చేశాను. ఆగుంటే భక్తి సంగతేమో గానీ, రిమ్‌లు చల్లారేవి.

అందుకే దిగేటప్పుడు: మలుపుకి ముందే రెండు బ్రేకులూ గట్టిగా కాసేపు నొక్కి వదలండి. ప్రతి పది నిమిషాలకీ ఆగి రిమ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. బయల్దేరే ముందే బ్రేక్ రబ్బర్లు మార్పించండి. చెమట బట్టల మీద ఏదైనా కప్పుకోండి. పైన చలి, గాలి కలిస్తే వేళ్లు కొయ్యబారి బ్రేక్ నొక్కలేవు. స్పేర్ ట్యూబులు రెండు పెట్టుకోండి. నా దగ్గర ఒకటే ఉంది. చోడవరం వరకు ఇంకొకటి పేలకూడదని మొక్కుకుంటూ దిగాను.

ఈ చలికాలం మళ్లీ వెళ్తున్నా. వచ్చేవాళ్లు చెప్పండి. పాదాల దగ్గర మాత్రం అందరం ఆగాలి.