గీత మీద పడ్డ ముక్క

ఎవరి పేక వాళ్లే పేర్చుకుని తెచ్చుకునే ఆటలో మొదటి ఎత్తు అరుగు మీద పడదు, అంతకుముందే పడుతుంది. కొండపల్లిలో నలుగురు పిల్లలు పడ్డ తగువు నాకు ఆ సంగతి గుర్తుచేసింది.

సంక్రాంతి సెలవులకి కొండపల్లి వెళ్లాను. బొమ్మల కాలనీలో మా అక్కవాళ్ల ఇల్లు. లోపలి గదిలో బావ దశావతారాల సెట్టు ముందేసుకుని కూర్చున్నాడు. నాలుగో బొమ్మ, నరసింహస్వామి, చేతిలో ఉంది. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో జూలు అతికిస్తున్నాడు. తెల్లపొణికి మెత్తటి చెక్క. చెయ్యి కాస్త జారితే అంతసేపు చేసిన పనీ పోతుంది. అందుకే ఆయన పనిలో ఉంటే ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు.

ఆ రోజు మాత్రం అరుగు మీద ఒకటే అరుపులు.

"మావయ్యా, ఇటు రా! వీడు తొండి చేస్తున్నాడు." మా మేనల్లుడు, ఏడో తరగతి. చుట్టూ ఇంకో ముగ్గురు. మధ్యన చాప మీద పోకెమాన్ కార్డులు.

"ఏం తొండిరా?"

"ఒకే కార్డు పదకొండు పెట్టుకున్నాడు. ఎప్పుడు తీసినా అదే వస్తుంటే మేమేం ఆడతాం?"

"నావే కదా!" అన్నాడు అవతలి పిల్లాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మా పెదనాన్న అమెరికా నుంచి పంపించాడు. ఇన్నే పెట్టుకోవాలని ముందు ఎవరైనా చెప్పారా?"

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. వెంటనే తీర్పు చెప్పలేకపోయాను. ఇలాంటి తగువులోనే నేనొకసారి తప్పు చేశాను.

మా చిన్నప్పుడు మా చేతుల్లో బచ్చాలుండేవి. ఖాళీ సిగరెట్ పెట్టె పైఅట్ట చింపి, చదును చేసి దాచుకునేవాళ్లం. నేల మీద గుండ్రంగా గీత గీసి, ఒప్పుకున్నన్ని బచ్చాలు మధ్యలో దొంతరగా పెట్టి, దూరం నుంచి రాతి బిళ్లతో కొట్టాలి. గీత దాటి బయటపడ్డవి కొట్టినవాడివి. చార్మినార్ అట్ట ఎక్కడపడితే అక్కడ దొరికేది కాబట్టి విలువ తక్కువ. కత్తెర మార్కు, బర్కిలీ దానికి పైన. గోల్డ్ ఫ్లేక్ దొరికితే ఆ రోజు పండగే. దేనికి ఏది సమానమో ఎవరూ రాసిపెట్టలేదు. స్టేషన్ వైపు పిల్లలది ఒక లెక్క, ఖిల్లా వైపు పిల్లలది ఇంకో లెక్క. వేరే వీధికి ఆడటానికి వెళ్తే ముందు మారకం తేల్చుకోవాలి.

ఒక వేసవిలో నేను కొట్టిన దెబ్బకి ఒక గోల్డ్ ఫ్లేక్ అట్ట సరిగ్గా గీత మీద పడింది. సగం లోపల, సగం బయట. దాన్ని పందెం పెట్టిన కుర్రాడి దగ్గర అంత విలువైనది అదొక్కటే. ముందు రోజు నా ముక్క గీత మీద పడితే, గీతకి తగిలినా లోపలే అని వాదించి దక్కించుకున్నాను. ఆ రోజు మాత్రం, సగం దాటితే బయటే అన్నాను. నా వైపు నలుగురున్నారు. వాడు ఒక్కడు. వాడు జేబులో మిగిలిన చార్మినార్ అట్టలు కూడా గీత పక్కన పెట్టేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఆటకి రాలేదు.

అరుగు మీద కూర్చున్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ గీత.

మనకి అలవాటైన పేకాటలో పేక అందరిదీ. ఒకరు కలుపుతారు, ఇంకొకరు కోస్తారు. ముక్క ఎవరికి పడినా ఆ కట్టలోంచే పడాలి. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికా గణిత పండితుడు దీన్ని తలకిందులు చేశాడు. ఆయన రూపొందించిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్'లో ఎవరి పేక వారిదే. అంగట్లో పొట్లాలు కొంటాం, లోపల ఏ కార్డులున్నాయో విప్పేదాకా తెలీదు. కొన్నీ మార్చుకున్నీ పోగుచేసుకున్న వాటిలోంచి ఏరి, మన పేక మనం పేర్చుకుని వెళ్లి ఎదుటివాడి పేకతో తలపడతాం. 1996లో జపాన్‌లో పోకెమాన్ కార్డులు, 1999లో యు-గి-ఓ కార్డులు అదే దారిలో వచ్చాయి.

మొదట్లో మ్యాజిక్ పేకకి 40 కార్డులుంటే చాలు. ఒకే కార్డు ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఎవరి దగ్గరా పెద్ద గుట్టలు పోగవవని అనుకుని పెట్టిన నిబంధన అది. జనం పెట్టెలకి పెట్టెలు కొన్నారు. బలమైన కార్డుని పదీ ఇరవై పోగేసినవాడికి ఎదురు లేకుండా పోయింది. 1994కల్లా పోటీల కోసం హద్దులు గీశారు. పేక 60 కార్డులకి తగ్గకూడదు. మూల వనరులైన నేల కార్డులు తప్ప, ఒకే పేరుతో నాలుగుకి మించి ఉండకూడదు. బ్లాక్ లోటస్ లాంటి అతి బలమైనవి ఒక్కటే. పోకెమాన్‌లోనూ 60 కార్డులు, ఒకే పేరువి నాలుగు, మామూలు ఎనర్జీ కార్డులకి మినహాయింపు. యు-గి-ఓలో మూడే. అంటే మా మేనల్లుడి తగువు పాతికేళ్ల కిందటే తేలిపోయింది, వాడివైపే.

ఆ నాలుగు అనే అంకె మీద నాకు చాలా గౌరవం. పది పెట్టెలు కొనగలిగినవాడికీ, పండక్కి ఒక్క పొట్లం కొనుక్కోగలిగినవాడికీ మధ్య దూరాన్ని అది పూర్తిగా చెరపదు. అరుదైన కార్డు ఖరీదు ఎప్పుడూ ఉంటుంది. కానీ పెదనాన్న ఎన్ని పంపినా చాప మీదికి వచ్చేది నాలుగే అన్నప్పుడు రెండోవాడికి కూర్చునే చోటు దొరుకుతుంది. మా గీత దగ్గర ఆ కుర్రాడికి అది దొరకలేదు.

ఇక పేక పేర్చడం. కొండపల్లివాళ్లకి దీన్ని వివరించడం తేలిక. పెట్టెలో ఎన్ని బొమ్మలున్నా సంక్రాంతి కొలువు మెట్ల మీద పట్టేవి కొన్నే. ఏటా ఒక కొత్త బొమ్మయినా చేర్చాలంటారు. చేర్చిన ప్రతిసారీ ఒక పాతదాన్ని పక్కకి జరపాలి. కార్డుల ఆటలోనూ కష్టమైన పని తీసెయ్యడమే. పిల్లలు ఇష్టమైన కార్డులన్నీ దూర్చి పేకని 80 చేసేస్తారు. లెక్క చూడండి. 60 కార్డుల పేకలో ఒక కార్డువి నాలుగున్నాయనుకుందాం. మొదట పంచుకునే ఏడింటిలో వాటిలో ఒకటైనా రావడానికి అవకాశం నూటికి 40. పేకని 80 చేస్తే అది 31కి పడిపోతుంది. ఇష్టంకొద్దీ చేర్చిన ఆ ఇరవై, మనం నమ్ముకున్న నాలుగింటికే అడ్డుపడతాయి. మ్యాజిక్ ఆడేవాళ్లు 60లో సుమారు 24 నేల కార్డులకే వదిలేస్తారు. వాటివల్ల నేరుగా దెబ్బ పడదు. అవి లేకపోతే మిగతావేవీ బల్ల మీదికి రావు.

ఈ ఏరివేతలోని నేర్పు గురించి మన గడ్డ మీది కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్లని పోలీసులు పట్టుకున్నారు. హైకోర్టు వాళ్లని నిర్దోషులంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పైకి వెళ్లింది. 1967లో 'స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ' కేసులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తేల్చుకోవాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తేల్చారు. మూడు ముక్కలాట అలా కాదు, అదంతా అదృష్టమే అన్నారు. డబ్బు పందెం వేరే సంగతి. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ పార్లమెంటు చట్టం ఆపేసింది. ఆ నిషేధాలు సబబేనని నా అభిప్రాయం. మ్యాజిక్ తొలినాళ్లలో కూడా చెరో కార్డు పందెం పెట్టి ఆడే పద్ధతి ఉండేది, గెలిచినవాడు రెండూ తీసుకుపోయేవాడు. దాన్ని తర్వాత వదిలేశారు. మన బచ్చాలాటలో దాన్ని వదలలేదు, అందుకే మన గొడవలు అంత చేదుగా ముగిసేవి.

పాత మ్యాజిక్‌లో కేయాస్ ఆర్బ్ అని ఒక కార్డుంది. దాన్ని అడుగు ఎత్తు నుంచి బల్ల మీదికి వెయ్యాలి. గాల్లో కనీసం ఒక పల్టీ కొట్టాలి. పడ్డాక ఏయే కార్డులకి తగిలితే అవన్నీ నాశనం. అచ్చం బచ్చాలాటే. తగిలిందా లేదా అన్న వాదం కూడా అదే. ఎవరో ఆటగాడు దాన్ని ముక్కలుగా చింపి ఎదుటివాడి కార్డులన్నిటి మీదా చల్లాడని ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరికి దాన్ని పోటీల్లోంచి తీసేశారు.

మిగతా తగువులు తీర్చడానికి రాసిన నిబంధనలు పుస్తకమంత అయ్యాయి. వాటిలో రెండు మాత్రం పిల్లలకి నోటికి రావాలి. కార్డు మీద రాసిన మాటకీ ఆట నిబంధనకీ పొసగకపోతే కార్డు మాటే చెల్లుతుంది. ఒక కార్డు 'చెయ్యొచ్చు' అని, ఇంకోటి 'చెయ్యకూడదు' అంటే, కూడదన్నదే చెల్లుతుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కార్డులు వేసుకుంటూ పోతే ఏది ముందు పనిచేస్తుందన్నది ఇంకో పెద్ద చిక్కు. 1999లో దానికి అట్ల దొంతర లాంటి పద్ధతి పెట్టారు. చివర వేసింది పైన ఉంటుంది, ముందు అదే తీస్తారు. అప్పటికీ తేలకపోతే చెయ్యెత్తి జడ్జిని పిలవాలి. ప్రధాన జడ్జి మాటే ఆఖరు. పక్కన నిలబడ్డ నలుగురి బలం అక్కడ చెల్లదు.

బావ చేతిలోని నరసింహుణ్ణి చూస్తుంటే ఆ మొదటి నిబంధన మనకి కొత్తది కాదనిపించింది. హిరణ్యకశిపుడి వరం నిండా షరతులే. పగలు కాదు, రాత్రి కాదు. ఇంటా కాదు, బయటా కాదు. మనిషి కాదు, మృగం కాదు. రాసుకున్న మాట ఒక్కటీ తప్పకుండానే స్వామి సందెవేళ గడప మీద పని ముగించాడు. గడపంటే గీతే కదా.

ఈ దశావతారాలే ఒకప్పుడు పేకముక్కలు కూడా. దశావతార గంజీఫాలో గుండ్రటి ముక్కలు 120. పది అవతారాలు, ఒక్కోదానికి పన్నెండు. రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు అంకెలు. మనవైపు నిర్మల్ చిత్రకారులు వాటిని రంగులతో రాసేవారు. మహారాష్ట్రలోని సావంత్‌వాడి ఆస్థానానికి ఈ ఆట తెలంగాణ పండితుల ద్వారా చేరిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అందులో సగం అవతారాలకి పది పెద్ద ముక్క, మిగతా సగానికి ఒకటి పెద్దది. పగలైతే రాముడి రాజు ఉన్నవాడు ఆట మొదలెట్టాలి, రాత్రయితే కృష్ణుడి రాజు ఉన్నవాడు. దీపాలు పెట్టే వేళకి ఆట మొదలైతే ఎన్ని వాదనలు జరిగి ఉంటాయో! తొంభైల్లో కుస్తీవీరుల ట్రంప్ కార్డులు ఆడినవాళ్లకీ ఈ చిక్కు తెలుసు. బరువులో పెద్ద అంకె గెలుస్తుంది, ర్యాంకులో చిన్న అంకె గెలుస్తుంది. ముందు చెప్పుకోకపోతే మొదటి ముక్కకే కొట్లాట.

అరుగు మీది తగువు ఇలా తెమిలింది. కంపెనీ నిబంధన నాలుగేనని చెప్పాను. అంతలోనే, ఆ పిల్లాడు అడిగిన ప్రశ్న కూడా న్యాయమైనదేనని చెప్పాను. ముందు ఎవరూ చెప్పలేదు కాబట్టి అప్పటిదాకా ఆడింది తొండి కాదు, ఆ ఆట లెక్కలోకి రాదు. మా మేనల్లుడు కాసేపు మూతి ముడుచుకున్నాడు. తర్వాత లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చాడు. ఒకే కార్డు నాలుగే అని రాశారు. ఫ్యాన్సీ షాపుల్లో అమ్మే, అంకెలు ఇష్టమొచ్చినట్టు అచ్చేసిన నకిలీ బంగారు కార్డులు చెల్లవని రాశారు. ఆట మధ్యలో నిబంధన మార్చకూడదన్నది ఆ పదకొండు కార్డులవాడే చెప్పి రాయించాడు. మిగిలిన ఏడు కార్డుల్లో మూడు పక్కవాడికి మార్పిడికిచ్చి, తనకి లేనివి తీసుకున్నాడు.

పిల్లలు కార్డుల తగువు మీ దగ్గరికి తెస్తే కసురుకుని పెట్టె లాక్కోకండి. తీర్పు కూడా వెంటనే చెప్పకండి. ఆట మొదలెట్టేముందు ఏం అనుకున్నారని అడగండి. ఏమీ అనుకోలేదంటే ఒక కాగితం, పెన్సిలు వాళ్ల చేతికివ్వండి. నలుగురిలో తక్కువ కార్డులున్న పిల్లాణ్ణి ముందు మాట్లాడనివ్వండి.