పుట్టి కడిగే చేతులు జాగ్రత్త

నాగార్జునసాగర్, జూరాల జలాశయాల్లో చేపలు పట్టే కుటుంబాలకు పుట్టి గురించి మేము చెప్పనక్కరలేదు. వెదురు బద్దలతో అల్లి, అడుగున పట్టా కట్టి తారు పూసిన ఆ గుండ్రటి పడవే వారికి బ్రతుకుతెరువు. చేపలు అమ్ముడయ్యాక దానిని కడిగితేనే ఆ రోజు పని ముగుస్తుంది.

ఆ వేళకు ఒళ్లు అలసి, చేతులు నీళ్లలో నాని మెత్తబడి ఉంటాయి. అడుగున మిగిలిన జెల్ల ముల్లో, వెదురు పేడో గుచ్చుకుంటుంది. "చిన్నదేలే" అని ఊరుకుంటారు. కాని చేపల వాసనకు పుట్టిలోకి, వలల్లోకి ఎలుకలు చేరతాయి. వాటి మూత్రంలోని సూక్ష్మక్రిములు తడిలో బ్రతికి, గాయం గుండా ఒంట్లోకి ప్రవేశిస్తాయి. అదే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్). జ్వరం, తలనొప్పి, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం దీని లక్షణాలు. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కనుక చేతితో తడమకుండా ముందు చీపురుతో ఊడ్చండి. చేపల వ్యర్థాలను గుంటలో పూడ్చండి. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు చెప్పులు వేసుకోండి. కడిగాక పుట్టిని బోర్లించి ఆరబెట్టండి. నీరు నిలిస్తే దోమలు పెరుగుతాయి. ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో, ధారగా పడే నీటితో బాగా కడిగి, ధనుర్వాతం టీకా అవసరమేమో ఆసుపత్రిలో అడగండి.

జ్వరం వస్తే దుకాణంలో బిళ్లలు కొని రోజులు గడపవద్దు. "మేము చేపల పని చేస్తాం" అని డాక్టరుగారికి తప్పక చెప్పండి. తొలిరోజుల్లోనే గుర్తిస్తే ఈ జ్వరం మందులకు లొంగుతుంది. మీరు చెప్పే ఆ ఒక్క మాట ప్రాణం నిలబెట్టవచ్చు.