కొత్త ప్యాడ్లు వేయించినా బ్రేకులు కీచుమంటున్నాయా?

పండుగ సెలవులు దగ్గరపడితే హోసూరు చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో కార్లు సర్వీసుకు వెళతాయి. చాలామందికి తిరుమల ప్రయాణం ఉంటుంది. బ్రేకు ప్యాడ్లు మార్పించి బిల్లు కట్టి వస్తే, మర్నాటి నుంచే కీచుమని చప్పుడు. అడిగితే "కొత్తవి కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి" అంటారు షెడ్డువాళ్లు. ఆ మాట సగమే నిజం. సభ్యులు తరచు అడుగుతున్నందున, అనుభవమున్న మెకానిక్కుల వద్ద మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

ప్యాడు డిస్కును పట్టుకున్నప్పుడు రెండూ సన్నగా అదురుతాయి. ఆ అదురే మన చెవికి కీచుమని వినిపిస్తుంది. దాన్ని అణచడానికే ప్యాడు వెనక షిమ్ అనే పలుచని రేకు, పక్కల క్లిప్పులు ఉంటాయి.

చప్పుడు ఎప్పుడు వస్తోంది?

ముందు ఇది గమనించండి.

1. పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకే వచ్చి ఆగిపోతే, అది రాత్రి తేమకు డిస్కు మీద పట్టిన తుప్పు. భయం లేదు.

2. మెల్లగా తొక్కినప్పుడు మాత్రమే వస్తే, ప్యాడ్లు డిస్కుకు ఇంకా సర్దుకోలేదన్నమాట. ఖాళీ రోడ్డు మీద, వెనక బండ్లు లేనప్పుడు, గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా నిదానంగా తగ్గించండి. పూర్తిగా ఆపవద్దు. మధ్యమధ్య కాస్త దూరం నడిపి, ఎనిమిది పది సార్లు ఇలా చేయండి. తర్వాత కొన్ని నిమిషాలు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపితే వేడి చల్లారుతుంది.

3. బ్రేకు తొక్కకపోయినా చక్రంతోపాటు చప్పుడు తిరుగుతుంటే, డిస్కు వెనక రేకు వంగి తగులుతుండవచ్చు, రాయి ఇరుక్కుని ఉండవచ్చు. ప్యాడు అరిగిందని తెలపడానికి పెట్టే చిన్న ఇనుప నాలుక వంగి ఉన్నా ఇంతే.

4. బండి ఒక పక్కకు లాగుతున్నా, ఒక చక్రం మాత్రం బాగా వేడెక్కుతున్నా కాలిపర్ పిన్ను బిగుసుకుని ఉండవచ్చు. దీన్ని వాయిదా వేయకూడదు.

5. కీచు కాకుండా గరగరమని ఇనుము రాసుకున్నట్టు వినిపిస్తే బండి నడపవద్దు. మెకానిక్కునే ఇంటికి పిలిపించండి.

షెడ్డులో ఏమి అడగాలి?

రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగినా చప్పుడు తగ్గకపోతే చక్రం విప్పించండి. షిమ్‌లు తిరిగి వేశారా, పాత క్లిప్పులే పెట్టారా, పిన్నులకు వేడిని తట్టుకునే బ్రేకు గ్రీజు రాశారా అని అడగండి. తమిళంలో మాట్లాడినా కన్నడంలో మాట్లాడినా షిమ్, క్లిప్, పిన్ అన్న మూడు మాటలు ఏ షెడ్డులోనైనా చెల్లుతాయి. డిస్కు మందం కూడా కొలిపించండి. ఇంతకంటే తగ్గకూడదన్న కొలత చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. ప్యాడు ముఖం అద్దంలా మెరుస్తుంటే అది అతిగా వేడెక్కిందని గుర్తు.

చప్పుడు పోవాలని ఎవరైనా డిస్కు మీద నూనె గాని గ్రీజు గాని రాస్తామంటే ఒప్పుకోవద్దు. చప్పుడు పోతుంది, దాంతోపాటు బ్రేకూ పోతుంది. నూనె పీల్చిన ప్యాడును మార్చడం తప్ప దారి లేదు.

ఇంట్లో పెద్దలనూ పిల్లలనూ ఎక్కించుకుని కొండ దిగవలసిన బండి ఇది. అందుచేత ప్యాడ్లు ప్రయాణానికి ముందురోజు కాక, కనీసం రెండు వారాల ముందే మార్పించండి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచక, తక్కువ గేరులో రండి. చప్పుడు చిన్నదే కావచ్చు. కారణం తెలిశాకే ఘాట్ రోడ్డు ఎక్కండి.